గడ్డిలో మాగేసిన రోజాలు

ఈ ఏడు మాత పండగకు తేరు సింగారించే పనికి నన్నూ రమ్మని మా చర్చి పిల్లలు ఇంటికొచ్చి పిలిచారు. పిల్లలు అంటున్నాను గానీ వాళ్ళలో ఇద్దరికి పెళ్ళయింది, ఒకామె హోసూరు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. "మీరేమీ చేయొద్దు ఆంటీ, కుర్చీలో కూచొని మాకు చెప్తా ఉండండి, చాలు" అన్నారు. యాభై దాటి చాలా దూరం వచ్చేసిన మనిషికి, నీ చేతులు ఇక పనికిరావని ఇంతకన్నా మర్యాదగా చెప్పడం కుదరదు. పోయాను. కుర్చీలో కూచున్నాను. కాసేపటికి కుర్చీ వదిలి చాప మీదికి దిగాను. ట్రాక్టర్ ట్రైలర్ మీద ఇనుప చట్రం నిలబెట్టి ఉంది. దాని చుట్టూ పూలు గుచ్చడానికి పచ్చరంగు స్పాంజి దిమ్మెలు, కింద అట్టపెట్టెల నిండా రోజాలు. అన్నీ ప్లాస్టిక్ కప్పిన పాలీహౌస్‌లో పెరిగినవి. తొందరపడి విచ్చుకోకుండా ఒక్కో మొగ్గకూ చిన్న వల తొడిగి ఉంది. జెనిఫర్ అనే అమ్మాయి ఒక మొగ్గను నా చేతిలో పెట్టి, "ఈ వల ఎప్పుడు తీయల్ల ఆంటీ? సాయంత్రం తేరు కదిలేలోపల ఇది పూస్తాదా?" అని అడిగింది. నాకు నవ్వు ఆగలేదు. "ఇప్పుడే తీసేయమ్మా. నీళ్ళలో పెట్టు, నీడలో పెట్టు, నీ ఇష్టం. గడ్డిలో మాత్రం పెట్టొద్దు" అన్నాను. రోజాలకూ గడ్డికీ ఏం సంబంధమో ఎవరికీ అర్థం కాలేదు. అర్థం కావాలంటే మా అమ్మ సంగతి చెప్పాలి.

మాది హోసూరు దగ్గర, మూడు రాష్ట్రాలు కలిసే చోట, అత్తిముగం పక్కన చిన్న ఊరు. మా ఇంట్లో ఇద్దరు మొండివాళ్ళు ఉండేవాళ్ళు. ఒకరు మా నాయన వాళ్ళ నాయన రాయప్ప తాత, ఇంకొకరు ఆయన కోడలు, అంటే మా అమ్మ శౌరమ్మ. వీళ్ళిద్దరి మధ్య నలగలేకనే మా నాయన హోసూరులో షిఫ్టు ఉద్యోగం వెతుక్కున్నాడని అమ్మ వాళ్ళమ్మ అనేది. తాత కోడి కంటే ముందే లేచేవాడు. లేవగానే సిలువ గుర్తు వేసుకొని, ఎద్దుల దగ్గరికి పోయి వాటి నొసళ్ళు నిమిరి, అరుగు మీద కూచొని చెంబెడు రాగి అంబలి తాగేవాడు. రాగులు ఆయనకు బంధువుల కిందే లెక్క. ఎవరింటికి పోయినా ముందు వాళ్ళ రాగులెట్లున్నాయని అడిగి, తర్వాతే పిల్లలెట్లున్నారని అడిగేవాడు. పిడికెడు రాగులు అరచేతిలో నలిపి, పొట్టు ఊదేసి, పచ్చివే నోట్లో వేసుకొని నములుతూ ఊరి సంగతులన్నీ మాట్లాడేవాడు. ఇంట్లో ఎప్పుడూ వేయించిన రాగుల వాసన, పేడ వాసన, ఆదివారమైతే వాటికి తోడు సాంబ్రాణి వాసన. ఇప్పటికీ ఎక్కడైనా రాగులు వేగుతుంటే నాకు తాత దగ్గు వినబడినట్టే ఉంటుంది.

ఆ ఇంటికి రోజాలను తెచ్చింది అమ్మ. బెంగుళూరులో పూల అంగడి ఉన్న ఒకాయన మా ఊరి మీదుగా పోతూ నీళ్ళకని ఆగి, ఈ నేలకూ ఈ చల్లదనానికీ రోజాలు బ్రహ్మాండంగా వస్తాయని చెప్పాడు. తాత విననట్టు కూచున్నాడు. అమ్మ విన్నది. విన్నది మొదలు తాతను పోరి పోరి, బావి పక్క చేను ఒక్కటి తనకు ఇప్పించుకుంది. అది మాకున్న భూమిలో మంచిది, తాత ఏటా మొదట రాగులు పోసే చేను. అమ్మ ఆ చేనులో అంట్లు నాటి, పాదులు తీసి, సొంత పిల్లల మాదిరి చూసుకుంది. నిజం చెప్పాలంటే, సొంత పిల్లలమైన మేము తలకు నూనె పెట్టించుకోవడానికి ఆ చేను గట్టు మీద కూచొని కాచుకోవాల్సి వచ్చేది.

అయితే ఆ వ్యాపారంలో ఒక తిరకాసు ఉంది. బెంగుళూరు వాళ్ళకు కావలసింది పువ్వు కాదు, మొగ్గ. పచ్చటి రెప్పల మధ్య ఎర్రటి చీలిక కనబడిందో లేదో కోసేయాలి. రేక విచ్చుకుంటే ఆ పువ్వు దారిలోనే చెడిపోతుంది, అంగడాయన దాన్ని ముట్టుకోడు. అందుకని అమ్మ తెల్లవారకముందే చేనులోకి దిగి, సరైన మొగ్గలన్నీ కోసి, తడి న్యూస్‌పేపర్లలో చుట్టి, తడిపిన గోనెసంచిలో పెట్టి, మొదటి బస్సుకు ఎక్కించేసేది. పొద్దెక్కేసరికి చేను మళ్ళీ పచ్చగా, ముళ్ళుముళ్ళుగా మిగిలేది. మాకు రోజా తోట ఉండేది గానీ ఇంట్లో రోజా వాసన ఉండేది కాదు. తడి పేపరు వాసన, తెగిన కాడల పచ్చి వాసన, అమ్మ వేళ్ళకు గుచ్చుకున్న ముళ్ళ మీద పూసిన పసుపు వాసన, అంతే. తాతకు ఇదే పెద్ద ఆయుధమైపోయింది. "పూల చేను పూల చేను అంటాది. ఇంతవరకూ ఆ చేన్లో పూవు మొఖం నేను చూసిందే లేదు. రాగి చేనంటే ఎన్ను కనిపిస్తాది, గాలికి ఊగతాది, మనసుకి నిమ్మళంగా ఉంటాది. ముళ్ళకంప పెంచేదానికి బావి నీళ్ళు కావల్నా?" అని అరుగు మీద కూచొని వీధికంతా వినబడేలా అనేవాడు. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన మాటలో కొంత న్యాయం ఉందనిపిస్తుంది. పూస్తుందని చెప్పిన పంట ఎన్నడూ కళ్ళముందు పూయకపోతే ఏ రైతు నమ్ముతాడు?

ఒక ఏడు వానలు బాగా పడ్డాయి. తాత చేను చూసొచ్చి, పండగ కాగానే రోజా చెట్లు పీకేసి ఉలవలు చల్లుతాననీ, ఆ తర్వాత ఎప్పటి మాదిరే రాగులు పోస్తాననీ తేల్చేశాడు. అమ్మ ఆ పూట అన్నం తినలేదు. మరునాడు తాత అంబలి తాగుతుండగా ఎదురుగా పోయి నిలబడింది. "మామా, ఈసారి మాత పండక్కి తేరు నిండా నా చేను పూలే పెడతాను. పూవు మొఖం చూడలేదంటారు కదా, తేరు మీద చూడండి. చూసినాక దున్నేది ఉంటే దున్నండి, నేను నోరెత్తను" అంది. తాత చెంబు దించి మీసం తుడుచుకున్నాడు. "సరేమ్మా. తేరు చూసినాక చెప్తాను" అన్నాడు. అమ్మకు అదే చాలనిపించింది. నాకు మాత్రం భయమేసింది. తాత మాట ఇచ్చాడంటే దాన్ని ఆయన కూడా వెనక్కి తీసుకోలేడు.

తేరు సింగారించేది మా చర్చి ఆడవాళ్ళ సంఘం. దానికి పేరేమీ లేదు, జ్ఞానమ్మ సంఘం అంటే చాలు, అందరికీ తెలిసేది. జ్ఞానమ్మ కుట్టుమిషను పెట్టుకొని ఊరందరికీ రవికలు కుట్టే మనిషి. గొంతు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది, కట్టుబాట్లు ఈ రెండింటికన్నా పెద్దవి. తేరు పనికి వచ్చేవాళ్ళు ఒక్కపొద్దు ఉండాలి. చెప్పులు గేటు బయటే విడవాలి. కింద పడిన పువ్వు తేరు ఎక్కకూడదు. అన్నిటికన్నా గట్టి కట్టుబాటు, మాత పూలను ఎవరూ వాసన చూడకూడదు, వాటి మీద మనిషి ఊపిరి తగలకూడదు. అందుకని అందరూ పైట చెంగుతోనో తువ్వాలుతోనో ముక్కూ నోరూ కట్టుకొని కూచునేవాళ్ళు. మా పక్కింటి హిందువులు గుడికి తీసుకుపోయే పూలను ఎట్లా చూసుకునేవాళ్ళో మేమూ అట్లే చూసుకునేవాళ్ళం. ఈ పద్ధతి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో మా ఊళ్ళో ఎవరూ అడగలేదు. ఎడ్లబండికి వెదురు చట్రం కట్టి, దాని చుట్టూ అరటి బోదెలు బిగించి, కొబ్బరి ఈనెలతో పూలను ఆ బోదెల్లో గుచ్చేవాళ్ళు. పని సాగినంతసేపూ జపమాల సాగాలని జ్ఞానమ్మ పట్టు. సాగేది కూడా. జపం తమిళంలో, కబుర్లు తెలుగులో, అరిటాకులు తెచ్చినవాడితో బేరం కన్నడంలో. ఒక జపానికీ ఇంకో జపానికీ మధ్య ఎవరి కోడలు పుట్టింటికి పోయిందో, ఎందుకు పోయిందో అన్నీ తెలిసిపోయేవి.

ఎప్పుడూ బంతి, చామంతి, కనకాంబరాలతో ముగిసే తేరు అది. ఈసారి రోజాలు పెడదామని అమ్మ అడిగితే జ్ఞానమ్మ మొదట నమ్మలేదు. "తేరు నిండానా?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. సరేనంది గానీ ఎందుకైనా మంచిదని బంతిపూలకు కూడా చెప్పిపెట్టుకుంది. అనుభవం ఉన్న మనిషి.

పండగకని అమ్మ వాళ్ళమ్మ, మా అవ్వ, మా జిల్లాలోనే ఉన్న పోచంపల్లి పక్క నుంచి వచ్చింది. ఆ పక్కంతా మామిడి తోటలు. అవ్వ మామిడి చెట్ల కింద పుట్టి మామిడి చెట్ల కిందే ముసలిదైపోయింది. లోకంలో ఉన్న ప్రతి కష్టాన్నీ ఆమె మామిడితోనే కొలిచేది. పెళ్ళి కుదరని పిల్లను చూసి "ఇంకా టెంక గట్టిపడలేదులే" అనేది. వచ్చిన సాయంత్రమే ఆమెకు కూతురి ముఖంలో దిగులు కనబడింది. ఆ పొద్దునే అమ్మ తేరు కోసం చేనంతా కోసేసింది. వాన వచ్చేలా ఉందని, తడిస్తే పాడైపోతాయని, ముందురోజే కోసేసింది. ఆ తొందరలో ఆమె చేతులు తమకు అలవాటైన పనే చేశాయి. ఎర్ర చీలిక కనబడిన ప్రతిదాన్నీ తెంపేశాయి. నీళ్ళ తొట్టిలో నిలబెట్టి చూస్తే అన్నీ మొగ్గలే, పచ్చి మిరపకాయల మాదిరి బిగుసుకొని ఉన్నాయి. రేపు సాయంత్రానికి ఇవి ఎట్లా పూస్తాయి? అమ్మ తొట్టి పక్కన కూలబడింది.

"ఇంతేనా?" అంది అవ్వ. "పచ్చికాయ కోసినాక ఏం చేస్తారు? మాగేస్తారు. కాయ మాగేది వెచ్చదనానికి. ఇదీ అంతే. యాడుంది మీ గడ్డి?" అమ్మ కొంచెం నసిగింది. అవ్వ వినే రకం కాదు. వరిగడ్డి తెప్పించి, పెద్ద గంపల్లో పరిచి, ఒక వరస మొగ్గలు, ఒక వరస గడ్డి వేసి, పైన గోనెసంచులు కప్పి, వాటిపైన తాత కంబళి కూడా కప్పించింది. నేనే గడ్డి అందించాను. అవ్వ చేతులు ఎంత నమ్మకంగా కదిలాయంటే, అందులోనుంచి పొద్దునకు రోజాలు కాదు, బంగినపల్లి పళ్ళు వచ్చినా నేను ఆశ్చర్యపోయేదాన్ని కాదు. తాత కంబళి ఎక్కడని అడిగితే ఉతికి ఆరేశామని అవ్వ అబద్ధం చెప్పింది. పండగ ముందు చెప్పిన అబద్ధం గనుక తెల్లారి చర్చిలో తప్పు ఒప్పుకొని పాపసంకీర్తనం కూడా చేసి వచ్చింది.

పండగ పొద్దున గంపలు బండి మీద చర్చి పక్క షెడ్డుకు చేర్చాం. జ్ఞానమ్మ, సంఘం ఆడవాళ్ళు అప్పటికే అరటి బోదెలు కట్టి, ముక్కులకు గుడ్డలు కట్టుకొని కూచొని ఉన్నారు. అమ్మ మొదటి గంప మీది గోనె తీసింది. వెచ్చటి ఆవిరి ముఖాన కొట్టింది. మాగిన వాసన కాదు, ఉడికిన ఆకుకూర వాసన. మొగ్గలు కొంచెం ఉబ్బి ఉన్నాయి గానీ ఒక్కటీ విచ్చుకోలేదు. పై రేకులన్నీ గోధుమరంగు తిరిగి, అంచులు నల్లబడి, వేలు పెడితే జారిపోతున్నాయి. రెండో గంపా అంతే. "మా పక్క మామిడికి ఇదే వైద్యం" అంది అవ్వ చిన్న గొంతుతో, ఎవరూ అడగకుండానే.

జ్ఞానమ్మ అమ్మ భుజం మీద చెయ్యి వేసింది. "పోనీలే శౌరమ్మా. బంతిపూలు గోతాల్లో ఉండాయి. ఈ పండక్కి బంతి పెట్టేస్తాము. నీ రోజాలు ఇంకో పండక్కి చూసుకుందాము."

అమ్మ ఎప్పుడూ నలుగురిలో గొంతు పెంచేది కాదు. ఆ రోజు పెంచింది. "ఇంకో పండగ నా చేనుకు లేదు జ్ఞానక్కా! ఈ పొద్దు తేరు మీద మామ రోజా చూడల్ల. చూడలేదంటే చేను దున్నేస్తాడు. చెట్లన్నీ పీకేస్తాడు. ఎన్ని కష్టాలు పడి పెంచినానో నీకు తెలుసు కదక్కా" అంటూనే ఏడ్చేసింది. అమ్మ ఏడవడం నేను అదే మొదటిసారి చూడడం. జ్ఞానమ్మ కాసేపు బంతిపూల గోతాలకేసి చూసింది, తర్వాత గంపలకేసి చూసింది. వంగి ఒక మొగ్గ తీసి, చెడిపోయిన పై రేకులు ఒలిచి పడేసింది. లోపల రేకులు ఎర్రగా, ఏ మచ్చా లేకుండా, ఒకదాన్నొకటి పట్టుకొని ఉన్నాయి. బొటనవేలు నీళ్ళలో ముంచి, ఒక్కో రేకును అంచు పట్టి మెల్లగా వెనక్కి వంచింది. రెండో వరస వంచింది. ఆమె అరచేతిలో నిండు రోజా కనబడింది. "బాగానే ఉండాది కదమ్మా లోపల" అంది. తర్వాత సంఘం వైపు తిరిగింది. "ఏం చూస్తా ఉండారు అందరూ? కూచోండి. పై రేకు తీయండి, లోపలి రేకు తిప్పండి. చేతులు కడుక్కోండి ముందు!"

రేకుల్లోకి ఊదితే తొందరగా విచ్చుకుంటాయని ఒకామె ముక్కు గుడ్డ దించబోయింది. "మాత పూలకు నీ ఎంగిలి ఊపిరా? కట్టు, కట్టు గుడ్డ!" అని జ్ఞానమ్మ గదిమింది. పండగ పోతే పోనీ, కట్టుబాటు మాత్రం పోకూడదు ఆమెకు. కాబట్టి ప్రతి రేకునూ వేలితోనే తిప్పాం. చిటికెన వేలు సన్నగా ఉన్నవాళ్ళకు లోపలి వరసలు, మోటు వేళ్ళవాళ్ళకు పై రేకులు ఒలిచే పని. నావి సన్నటి వేళ్ళే కాబట్టి నన్ను అమ్మ పక్కన కూచోబెట్టారు. గట్టిగా లాగితే రేకు ఊడి వచ్చేస్తుంది, మెత్తగా పోతే మళ్ళీ ముడుచుకుంటుంది. ఎంత బలం పెట్టాలో చేతికి తెలిసేదాకా చాలా పూలు పాడుచేశాను. ఒకటి కుదిరాక ఇక వదలబుద్ధి కాలేదు. జపమాల ఎప్పుడు మొదలైందో తెలీదు. ఆ రోజు మాత్రం మధ్యలో కబుర్లు లేవు. అవ్వ ఒక మూల కూచొని, అందరికన్నా వేగంగా చెడిపోయిన రేకులు ఒలిచింది. ఎంతైనా మామిడి తొక్క తీసిన చేతులు కదా.

ఎండ తిరిగే వేళకు వాసన వచ్చింది. మొదట ఎవరికీ అర్థం కాలేదు. చేను వేసినప్పటినుంచీ మా ఇంట్లో ఎన్నడూ లేని రోజా వాసన, ముక్కులకు కట్టిన గుడ్డల్లోంచి కూడా లోపలికి వచ్చేస్తోంది. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకొని, తప్పు చేసినట్టు జ్ఞానమ్మ వైపు చూశారు. జ్ఞానమ్మ కళ్ళు మూసుకొని ఉంది. "మనం వాసన చూడలేదమ్మా. అదే వచ్చింది మన తావుకి. దానికి మనమేం చేసేది?" అంది. అందరం నవ్వాం. అమ్మ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

తాత అప్పుడే వచ్చాడు. పండగ కాబట్టి తెల్ల పంచె, తలగుడ్డ. షెడ్డు గడప దగ్గరే ఆగాడు. సగం కూడా నిండని తేరు, గడ్డి గంపలు, గుట్టగా పడి ఉన్న నల్ల రేకులు, అన్నిటినీ చూశాడు. గంపల మీద తన కంబళిని కూడా చూశాడు. అవ్వ తల వంచుకుంది. ఆయన లోపలికి వచ్చి గంపలోనుంచి ఇంకా తిప్పని మొగ్గ ఒకటి తీసి, రాగి ఎన్నును చూసినట్టు బొటనవేలితో తిప్పి తిప్పి చూశాడు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "రాయప్పన్నా! వాసన చూడకూడదు!" అని జ్ఞానమ్మ అరిచింది. తాత బడిపిల్లాడి మాదిరి ఉలిక్కిపడి మొగ్గను గంపలో వేసేసి వెళ్ళిపోయాడు. "ఏమన్నాడు పాపా?" అని అమ్మ తల ఎత్తకుండానే అడిగింది. ఏమీ అనలేదని చెప్పాను. ఆమె వేళ్ళు కాసేపు ఆగి, మళ్ళీ రేకులు తిప్పాయి.

పొద్దు వాలే వేళకు తేరు నిండింది. అట్లాంటి తేరును మా ఊరు అంతకుముందు చూడలేదు. సామియారు, అంటే మా ఫాదరు, మంత్రజలం చల్లడానికి వచ్చి, చల్లడం మరిచిపోయి కొంచెంసేపు అట్లే నిలబడ్డాడు. ఎద్దులు లేకుండా మగవాళ్ళే తాళ్ళు పట్టి లాగారు. బ్యాండు మొదలైంది. తేరు కదిలింది. మొదటి గుంతలో చక్రం దిగి లేచేసరికి గుప్పెడు రేకులు రాలాయి. వేళ్ళతో బలవంతంగా తిప్పిన పూలు ఎంతసేపు నిలుస్తాయి? ప్రతి కుదుపుకూ రాలాయి. వీధి మలుపులో రాలాయి, హారతి కోసం ఆగినచోట రాలాయి. హిందువుల ఇళ్ళ ముందు ఆడవాళ్ళు కర్పూరం వెలిగించి, టెంకాయ కొట్టి, దోసిళ్ళు పట్టి రేకులు అందుకున్నారు. మామూలుగా తేరు తిరిగొచ్చాకే పూలు పంచుతారు. ఈసారి తేరే దారి పొడుగునా పంచుకుంటూ పోయింది. జనానికి అది సంబరం. నా పక్కన నడుస్తున్న అమ్మకు మాత్రం ప్రాణం పోతున్నట్టుంది. "రాలిపోతా ఉండాయి పాపా. అన్నీ రాలిపోతా ఉండాయి" అని అంటూనే ఉంది. తాత తేరు వెనకే, మగవాళ్ళ మధ్య నడుస్తున్నాడు. తల తిప్పి ఆయన ముఖం చూసే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది. తేరు చర్చికి తిరిగొచ్చేసరికి అక్కడక్కడా అరటి బోదెలు బయటపడి కనిపించాయి.

ఇప్పటి పిల్లలకు ఈ బాధ లేదు. వాళ్ళ రోజాలు సరిగ్గా కావలసిన వేళకు పూస్తాయి, స్పాంజిలో నీళ్ళు ఉంటాయి కాబట్టి మరునాటి దాకా రాలవు. చేతులకు గ్లౌజులు, తల మీద ఫ్యాను, వాట్సాప్‌లో ఎవరు ఏ పని చేయాలో ముందే వచ్చేస్తుంది. తేరు చుట్టూ లైట్లు. ఆ రోజులే బాగుండేవని చెప్పేవాళ్ళను నేను పెద్దగా నమ్మను. ఆ రోజుల్లో నడుము నొప్పులు ఉండేవి, వేళ్ళకు ముళ్ళు ఉండేవి, ఒక చేను తనది అనిపించుకోవడానికి మా అమ్మ మాదిరి ఆడమనిషి మామ ముందు నిలబడాల్సి వచ్చేది. జెనిఫర్ తన జీతంతో తానే స్కూటీ కొనుక్కొని, తేరు పనికి దాని మీదే వస్తుంది. చూస్తే నాకు సంతోషంగా ఉంటుంది. ఒక్కటి మాత్రం తక్కువనిపించింది. మొన్న అంతసేపు అన్ని రోజాల మధ్య కూచున్నా వాసన రాలేదు. ఈ రకానికి వాసన ఉండదు ఆంటీ, వేరే దేశాలకు పంపేదానికి పెంచేది అని చెప్పారు. పోనీలే అనుకున్నాను. మాత ఏమీ అనుకోదు. ముక్కుకు గుడ్డ కట్టుకునే కష్టం కూడా తప్పింది.

ఆ పండగ సాయంత్రం ఏమైందో చెప్పకుండా ఎటో పోయాను. చర్చి నుంచి వచ్చాక అమ్మ చీర కూడా మార్చుకోకుండా పొయ్యి దగ్గర కూచొని రాగి ముద్ద కెలికింది. అవ్వ కంబళి మడతపెట్టి తాత మంచం మీద పెట్టి, దూరంగా పోయి కూచుంది. తాత వచ్చి కాళ్ళు కడుక్కొని, తలగుడ్డ విప్పి, దానిలోనుంచి గుప్పెడు రోజా రేకులు తీసి మాత పటం ముందు పోశాడు. దారిలో ఎప్పుడు ఏరుకున్నాడో మేమెవరం చూడలేదు. తర్వాత ముద్ద పెట్టిన తట్ట ముందు కూచున్నాడు. ఆయన ముద్ద తినేటప్పుడు మాట్లాడడు. ముద్ద తుంచి, పులుసులో ముంచి, మింగి, మళ్ళీ తుంచి, నిదానంగా అంతా ముగించాడు. అమ్మ తెడ్డు చేతిలో పట్టుకొని గోడకు ఆనుకొని నిలబడింది. తాత నీళ్ళు తాగి, మీసం తుడుచుకున్నాడు.

"శౌరమ్మా" అన్నాడు. "కాయ గడ్డిలో మాగుతాది. పూవు అట్ల మాగదమ్మా, దాన్ని చెట్టులోనే విచ్చనీయల్ల. వచ్చే ఏడు తేరుకు కోసేవాటిని తొందరపడి తెంపొద్దు. వాన వస్తే రానీ, నేను పందిరేస్తాను."

"సరే మామా" అంది అమ్మ. ఆ తట్ట తీసుకొని పెరట్లోకి పోయింది. నేను వెనకే పోయాను. తట్ట కడగలేదు. తొట్టి గట్టు మీద కూచొని, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా ఊగిపోతోంది. నన్ను చూసి దగ్గరికి లాక్కుంది. "వచ్చే ఏడు అన్నాడు పాపా. విన్నావా నువ్వు?" అని అడిగింది. విన్నానమ్మా అన్నాను. అయినా ఆమెకు చాలలేదు. తాత ఏమన్నాడో మొదటినుంచీ ఇంకొకసారి చెప్పమంది. చెప్పాను.